గోడకు ఇస్త్రీ

మా అత్తయ్యకు ముడత అంటే గిట్టదు. చొక్కా మీద ముడత, దుప్పటి మీద ముడత, చివరికి ఎదుటివాళ్ళ నుదుటి మీద ముడత కనిపించినా ఆమె చెయ్యి ఊరుకోదు. ఏటి ఒడ్డున పల్లపు వీధిలో, సొంత ఇంటి ముందు గదిలోనే ఇస్త్రీ కొట్టు నడిపేది. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె ఇస్త్రీ అక్కే. మామయ్య సిటీ బస్సు నడిపేవాడు. ఇంట్లో మాట్లాడే వంతు ఎలాగూ రాదని బస్సులో కండక్టరుతో మాట్లాడి ఆ కరువు తీర్చుకుంటాడని మేం ఏడిపించేవాళ్ళం. ఆయన దానికీ నవ్వి ఊరుకునేవాడు.

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు అనేది అత్తయ్యకు ఊతపదం. ఆ మాట పట్టుకుని వీధిలో ఇల్లాళ్ళందరికీ మార్కులు వేసేది. అందరికంటే తక్కువ మార్కులు పక్కింటి టీచరమ్మకు. ఆవిడకు బడి, బడి నుంచి వస్తే మంచం పట్టిన తల్లి. ఇల్లు అద్దంలా ఉంచుకోవడానికి ఆవిడకు తీరిక ఏదీ? పైగా పాత వరదలో ఆ ఇంటి వీధి గోడ అడ్డంగా బీట వారింది. ఒకసారి బట్టలు తీసుకోవడానికి వచ్చిన ఆవిడను అత్తయ్య నలుగురి ముందూ అడిగింది, "మీ గోడ నోరు తెరిచి నవ్వుతోందే టీచరమ్మా, ఏం జోకు చెప్పారేమిటి దానికి?" అని. కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. టీచరమ్మ కూడా కాస్త నవ్వి, బట్టలు తీసుకుని వెళ్ళిపోయింది. అత్తయ్యకు నోటి దురుసే కానీ మనసులో ఏమీ ఉండదని మేం అందరికీ సర్దిచెబుతూ ఉండేవాళ్ళం. మనసులో లేనిది నోట్లోకి ఎలా వస్తుందో నాకు మాత్రం ఎప్పుడూ అర్థం కాలేదు.

ఆ ఏడు నీళ్ళు కిటికీల దాకా వచ్చాయి. వచ్చిన నీళ్ళు పోయాక వీధంతా బురద. ఇళ్ళన్నీ చూడటానికి ఇంజినీరు వస్తారని మునిసిపాలిటీ ఆఫీసు నుంచి కబురు వచ్చింది. చూసి, ప్రతి ఇంటి వీధి తలుపు మీదా ఒక రంగు కాగితం అంటిస్తారట. ఆకుపచ్చదైతే ఆ ఇంట్లో ఉండొచ్చు. పసుపైతే బాగుచేయించుకుని ఉండాలి. ఎర్రదైతే ఆ కప్పు కింద ఎవరూ పడుకోకూడదు. వీధిలో అందరూ ఇంటి గురించి బెంగపడితే, అత్తయ్య కాగితం గురించి బెంగపడింది.

ఎందుకంటే ముందు గదిలో బురద కడుగుతుంటే ఏటివైపు గోడ మీద ఆమెకు పగులు కనిపించింది. కిటికీ కింది మూల నుంచి నేల దాకా, ఇటుకల అతుకుల వెంట మెట్లు మెట్లుగా దిగింది. గోరు పెట్టి చూస్తే గోరు దూరింది. అంతే, ఆమె చెవిలో ఒక మాట మోగింది, మీ గోడ కూడా నవ్వుతోందే అక్కా అని. ఆ మాట ఎవరూ అనలేదు. అప్పటికి ఆ పగులు చూసినవాళ్ళే లేరు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

వెంటనే మామయ్యను లప్పం తెమ్మంది, రంగు వేసే ముందు గోడకు మెత్తడానికి వాడతారే, ఆ తెల్లటి ముద్ద. ఇంజినీరుకు చూపిస్తే మంచిదేమోనని మామయ్య నసిగాడు. ఇంటికి నలుగురూ వస్తుంటే చిరిగిన దుప్పటి పరుస్తామా అని అత్తయ్య కసిరింది. ఆయన వెళ్ళి తెచ్చాడు. రోజూ పొద్దున్నే బ్రేకులు తొక్కి చూడనిదే బండి కదిలించని మనిషి, ఇంటి దగ్గరికొచ్చేసరికి లప్పం డబ్బా మోసుకొచ్చాడు. అందుకే ఈ కథలో అత్తయ్య మీద ఎంత కోపం వస్తుందో, మామయ్య మీదా నాకు అంతే వస్తుంది.

నిజానికి వీధిలో చాలా ఇళ్ళలో ఇదే తంతు. చుట్టాలొస్తున్నారంటే ఇల్లు సర్దుకున్నట్టు గోడలు కడిగారు, నీటి చార మీద సున్నం కొట్టారు, పగుళ్ళ ముందుకు బీరువాలు జరిపారు. డాక్టరు వస్తున్నాడని రోగాన్ని దాచిపెట్టడం మా వాళ్ళకే చెల్లింది. అత్తయ్య అయితే లప్పం మెత్తి, గరుకు కాగితంతో రుద్ది, రంగు వేసి, దాని ముందుకు ఇస్త్రీ బల్ల జరిపి, దాని మీద మడత బట్టలు కిటికీ ఎత్తున పేర్చింది. ఆమె పనిలో వంక పెట్టడానికి ఎప్పుడూ ఉండదు.

ఇంజినీరు ఆడమనిషి. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతిలో చిన్న సుత్తి. గోడను సుత్తితో తట్టి చెవి ఒగ్గి వినేది. దారానికి కట్టిన గుండు వేలాడదీసి గోడ ఒరిగిందో లేదో చూసేది. నేల మీద గోలీ వదిలి ఎటు దొర్లుతుందో చూసేది. టీచరమ్మ ఇంట్లో ఆమెకు పెద్దగా పని పడలేదట. టీచరమ్మే బీరువా జరిపి, గోడకున్న పటాలు దించి, వంటింట్లో సింకు వెనక సన్నటి గీత కూడా వేలు పెట్టి చూపించింది. ఆ ఇంటి తలుపు మీద ఎర్ర కాగితం పడింది.

తరువాత అత్తయ్య ఇల్లు. గుమ్మంలోనే ఇంజినీరమ్మ ఆగి, పొద్దుటి నుంచి ఇంత శుభ్రమైన ఇల్లు చూడలేదని మెచ్చుకుని, బూట్లు విప్పి లోపలికి వచ్చింది. ఆ ముక్క అత్తయ్య కొన్నాళ్ళు అందరికీ చెప్పుకుంది, తరువాత హఠాత్తుగా చెప్పడం మానేసింది. మూడు గోడలు తట్టాక ఇంజినీరమ్మ నాలుగో గోడ దగ్గర నిలబడి, బల్ల కాస్త జరుపుతారా అని అడిగింది. అవన్నీ ఊళ్ళోవాళ్ళ మడత బట్టలు, కదిపితే జారిపోతాయి, గోడ రాయిలా ఉందని అత్తయ్య చెప్పింది. ఇంజినీరమ్మ ఆ బట్టల దొంతర వంక చూసింది, ఇంకా చూడాల్సిన ఇళ్ళ వంక చూసింది. చెయ్యి అందినంత మేర పైన తట్టింది. పగులు కిందుంది. తలుపు మీద ఆకుపచ్చ కాగితం అంటించి, అత్తయ్య ఇచ్చిన టీ తాగి వెళ్ళిపోయింది.

టీచరమ్మ ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఇళ్ళు పోయినవాళ్ళకు బడి మేడ మీద చోటు చూపించారు కానీ, ఒక పక్క పడిపోయిన మనిషిని ఆ మెట్లు ఎక్కించడం ఎలా? ఆ తల్లిని వీధిలో అందరూ పెద్దమ్మ అనే పిలిచేవాళ్ళు. పెద్దమ్మ మంచం వీధిలో, టీచరమ్మ దాని పక్కన. అది చూసి అత్తయ్య గుండె నీరైంది. మా ఇల్లుండగా మీరెక్కడికో పోవడమేమిటి, పచ్చ కాగితం ఉన్న ఇల్లు, రండి అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆ మాటలో జాలి ఎంతో, గొప్ప ఎంతో ఆమెకే తెలియదు. జాలి నిజమేనని నేను ఒట్టేసి చెప్పగలను.

పెద్దమ్మ మంచానికి చోటున్నది ముందు గదిలోనే. ఇస్త్రీ బల్ల ఇవతలికి వచ్చింది. గది మధ్యలో వేద్దామని అత్తయ్య అంది. మధ్యలో ఎందుకు, అమ్మకు కిటికీ గాలి తగులుతుంది కదా అని టీచరమ్మ అంది. కాదనడానికి అత్తయ్య దగ్గర ఒక్కటే కారణం ఉంది, దాన్ని నోట్లోంచి పైకి తీయలేకపోయింది. మామయ్య ఆమె వంక చూశాడు. ఇద్దరూ తలలు దించుకున్నారు. మంచం గోడ వారన పడింది, తలగడ సరిగ్గా ఆ మెట్ల పగులు పక్కన.

మళ్ళీ ముసురు పట్టింది. లప్పం మీద వెంట్రుకంత గీత లేచింది. దుమ్ము దులుపుతున్నట్టు నటిస్తూ అత్తయ్య దాన్ని పూడ్చింది. కొన్నాళ్ళకు పక్కనే ఇంకోటి లేచింది. దాన్నీ పూడ్చింది. గట్టిగా ఆరిన లప్పం ఊరికే చీలదని, గోడ కదులుతోందని తెలుసుకోవడానికి ఆమెకు ఇంజినీరు చదువు అక్కర్లేకపోయింది. అయినా ఎందుకు చెప్పలేదని తరువాత నేను కోపంగానే అడిగాను. రోజూ బడి నుంచి వచ్చి టీచరమ్మ, నువ్వు లేకపోతే మా అమ్మ ఏమైపోయేదో అక్కా అనేదట. ఆ మాట విన్నాక ఇంక నోరు పెగిలేది కాదంది. మొదటి రోజు చెప్పలేనిది రెండో రోజు అసలే చెప్పలేం అంది. మింగలేక కక్కలేక, తేలు కుట్టిన దొంగలా తిరిగింది ఆ ఇంట్లో, తన సొంత ఇంట్లో.

అప్పుడు ఆమెకు ఒక దొంగ ఉపాయం తోచింది. వేరే మంచి ఇల్లు చూసుకుంటే పెద్దమ్మకు సుఖంగా ఉంటుందని టీచరమ్మతో అంది. గోడ నుంచి వాళ్ళను తప్పించాలని ఆమె ఉద్దేశం. టీచరమ్మకు అది పొమ్మనలేక పొగబెట్టినట్టు వినిపించింది. పాపం, మొహం చిన్నబుచ్చుకుని, మర్నాటి నుంచి లేవగానే ఇల్లంతా ఊడవడం, గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. ఇళ్ళకోసం తిరిగింది కూడా. మంచం పట్టిన మనిషి ఉందనగానే తలుపులు మూసుకునేవాళ్ళు. తిరిగి తిరిగి వచ్చి, ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టక్కా అని బతిమాలేది. అలా బతిమాలించుకుంటూ కూడా అత్తయ్య చెప్పలేదు.

ఎగువన గేట్లు ఎత్తుతున్నారని, ఏరు ఒడ్డు దాకా పొంగుతుందని ఒక మధ్యాహ్నం మైకులో చెబుతూ వెళ్ళారు. టీచరమ్మ బడిలో ఉంది, మామయ్య బండి మీద ఉన్నాడు. అత్తయ్య పెద్దమ్మ తలగడ గలీబు మారుస్తోంది. గలీబు ముడతల్లో తెల్లటి పొడి. పెద్దమ్మ చెవి మీద, కనుబొమ మీద, జుట్టులో కూడా తెల్లటి పొడి. పెద్దమ్మ కదిలే చేత్తో దాన్ని మెల్లగా తుడుచుకుంటూ అడిగింది.

"గోడకి మళ్ళీ మందు రాస్తావా అమ్మా? మొన్న రాసింది ఊడిపోయింది."

అత్తయ్య చేతిలో గలీబు అలాగే ఉండిపోయింది. "ఎప్పట్నుంచి చూస్తున్నారు పెద్దమ్మా?"

"నాకింకేం పనుంది? గోడ వైపేగా పడుకోబెట్టారు."

"మరి మీ అమ్మాయికి చెప్పలేదా?"

"ఏమని చెప్తానమ్మా. నీడనిచ్చిన ఇంటికి వంక పెడతామా? సిగ్గేసింది."

అత్తయ్య ఈ సంగతి నాకు చెప్పేటప్పుడు ప్రతిసారీ ఇక్కడ ఆగిపోతుంది. తాను పడాల్సిన సిగ్గు ఆ ముసలావిడ పడిందని, గోడ తన మీద కూలినా అంత బాధ ఉండేది కాదని అంటుంది. నాకైతే ఆ మాట వినగానే ఆమె మీద ఉన్న కోపం కాస్తా పోయి, ఆమె మొహం వంక చూడలేక నేనే ఎటో చూస్తాను.

అత్తయ్య వెంటనే వీధిలోకి పరుగెత్తి కేకలేసింది. బట్టలకోసం వచ్చినవాళ్ళు, దారిన పోయేవాళ్ళు వచ్చి మంచం ఎత్తి అరుగు మీదికి చేర్చారు. ఒకర్ని టీచరమ్మ కోసం, ఒకర్ని ఇంజినీరమ్మ కోసం పంపించింది. తరువాత లోపలికి వెళ్ళి, తలుపులు బార్లా తెరిచే ఉంచి, లప్పం రేకు తీసుకుని గోడను గీకడం మొదలుపెట్టింది. పెళ్ళలు పెళ్ళలుగా ఊడి పడింది. గోరు దూరిన చోట ఇప్పుడు వేలు దూరుతోంది. కిందివైపు పగుల్లోంచి ఏటి గాలి లోపలికి వస్తోంది.

ఇంజినీరమ్మ వచ్చి ముందు బయటి మూలకు వెళ్ళింది. ఇనుప చువ్వ నేలలో గుచ్చితే మోచెయ్యి దాకా జర్రున దిగిపోయింది. ఆ మూల కింద మురుగు గొట్టం పగిలి, వరద వచ్చినప్పుడల్లా నీరు కాస్త కాస్త మట్టిని కడుక్కుపోయిందట. పునాదికి అక్కడ ఆనుకోవడానికి మట్టే లేదు. లోపలికి వచ్చి, కింద పడ్డ పెళ్ళ ఒకటి చేతిలోకి తీసుకుని, ఈ లప్పం ఎప్పుడు పెట్టారని అడిగింది. గుమ్మం నిండా జనం.

"మీరు రాకముందే," అంది అత్తయ్య. "మీరు వస్తున్నారనే పెట్టాను."

ఇంజినీరమ్మ ఆమెను ఒక్క మాట అనలేదు. బల్ల జరపమని అడిగి ఊరుకున్నాను, నేనే జరపాల్సింది అని మాత్రం అంది. ఆ మాట అంటుంటే ఇంజినీరమ్మ మొహమే కందగడ్డలా ఎర్రబడింది. జనంలో ఎవరో, ఇస్త్రీ అక్క గోడక్కూడా ఇస్త్రీ చేసిందిరా అన్నారు. అందరూ నవ్వారు. అదే వీధి, అదే గుమ్మం, ఆ నవ్వు అత్తయ్యకు బాగా తెలిసిన నవ్వే.

అప్పుడే బడి నుంచి పరుగెత్తుకొచ్చిన టీచరమ్మ నవ్వలేదు. వేళ్ళకు ఇంకా సుద్ద అంటుకునే ఉంది. పగులు చూసింది. దాని పక్కన నేల మీద పడి ఉన్న తలగడ చూసింది.

"మా అమ్మ తల ఇక్కడ ఉండేదక్కా," అంది.

నాలుగు తిట్టినా బాగుండేదని అత్తయ్య ఇప్పటికీ అంటుంది. ఇంజినీరమ్మ ఎవరెవరికో ఫోన్లు చేసి బడిలో కింది గది ఒకటి తెరిపించింది. మంచం ఎత్తుతుంటే పెద్దమ్మ అత్తయ్యను దగ్గరికి పిలిచింది. గోడ బాగయ్యాక కబురు చెయ్యమంది, ఆ కిటికీ గాలి బాగుంటుందంది. ఆ మంచి మాట అత్తయ్యకు గోరుచుట్టు మీద రోకటిపోటైంది.

ఎర్ర కాగితం పడ్డాక అత్తయ్య, మామయ్య మా ఇంటికి వచ్చారు. మా ఇల్లు మెరక మీద. మా నాన్న తన అక్కను ఏమీ అడగలేదు. ఆమె అన్నం తినేటప్పుడు కూడా గోడ వైపు తిరిగి కూర్చునేది. మా అమ్మ చీర నలిగి ఉన్నా అత్తయ్య పట్టించుకోలేదు. అది చూశాకే మాకు భయం వేసింది.

ఏరు తగ్గాక పని మొదలైంది. గోడకు దుంగలు దన్ను పెట్టి, గొట్టం మార్చి, మూల కింద కొంచెం కొంచెంగా తవ్వుతూ, తవ్విన చోట కాంక్రీటు నింపుతూ వచ్చారు. అంతా అయ్యాక ఇంజినీరమ్మ ఆ పగులు మీద అడ్డంగా సన్నటి గాజు బద్ద ఒకటి అతికించింది. గోడ ఏమాత్రం కదిలినా ముందు గాజు విరుగుతుంది, దాని ముందు ఏదీ పెట్టకండి, దాని మీద ఏదీ పుయ్యకండి అని చెప్పింది. అత్తయ్య బుద్ధిగా తల ఊపింది. వానాకాలమంతా లేవగానే వెళ్ళి ఆ గాజును చూసి వచ్చేది. అది విరగలేదు. తలుపు మీదికి మళ్ళీ ఆకుపచ్చ కాగితం వచ్చింది. కొట్టు తెరిచింది, బట్టలూ వచ్చాయి. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా ఆ గాజు ఏమిటో ఆమే చెప్పేది, అడక్కముందే, తల వంచుకుని.

పెద్దమ్మకు మాత్రం కబురు వెళ్ళలేదు. టీచరమ్మ అప్పటికి బడి వెనక వీధిలో ఒక గది అద్దెకు తీసుకుంది. ఎప్పుడు వెళ్తావని అడిగితే గోడ ఇంకా ఆరాలి అనేది అత్తయ్య. తరువాత రంగు వాసన పోవాలి అంది. తరువాత పెద్దమ్మకు జలుబట, తగ్గనీ అంది. మామయ్య జన్మలో గొంతు పెంచగా నేను విన్నది ఆ ఒక్కరోజే.

"పగులు దాచావు, సరే. ఇప్పుడేం దాస్తున్నావు?" అని, వెంటనే గొంతు తగ్గించి, "లప్పం తెచ్చింది నేను. పద, ఇద్దరం వెళ్దాం," అన్నాడు.

దారి పొడుగునా అత్తయ్య కొంగు సర్దుకుంటూనే ఉంది. నేనూ వెంట వెళ్ళాను. టీచరమ్మ తలుపు తీసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు, తలుపు పట్టుకుని నిలబడింది. లోపల మంచం మీద నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది.

"ఎవరూ, ఇస్త్రీ అమ్మాయా? ఇంతకాలం పట్టిందా గోడ ఆరడానికి?"

పెద్దమ్మ ఆ సాకు తానే అందించింది. అవునండీ అంటే సరిపోయేది, ఎవరూ తరచి అడిగేవాళ్ళు కాదు. అత్తయ్య ఒకసారి మామయ్య వంక చూసింది.

"గోడ ఎప్పుడో ఆరింది పెద్దమ్మా," అంది. "నాకే మొహం చెల్లలేదు."

పెద్దమ్మ కూతురితో, సెలవు రోజు చూసి ఆ కిటికీ దగ్గరికి మంచం ఎత్తించమంది. టీచరమ్మ చూద్దాంలే అమ్మా అని మాత్రం అంది. వస్తారని మేం ఎవరం అనుకోలేదు.

సెలవు రోజు మధ్యాహ్నం వచ్చారు. మామయ్య, పక్క ఇళ్ళవాళ్ళు మంచం మోసుకొచ్చి కిటికీ దగ్గర, పాత చోటే వేశారు. అత్తయ్య తెల్లవారుజాము నుంచీ గది తుడిచి ఉంటుంది, తలగడకు కొత్త గలీబు తొడిగింది. టీచరమ్మ కూర్చోకుండా గోడ దగ్గరికి వెళ్ళి గాజు బద్దను ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలితో తడిమింది. గాజు చెక్కుచెదరలేదు. పెద్దమ్మ మొహాన గాలి తగిలి అప్పుడే కళ్ళు మూసుకుంది.

టీచరమ్మ అటు చూసి, ఇటు చూసి, వంగి తలవైపు మంచం పట్టె పట్టుకుని గోడ నుంచి ఇవతలికి లాగింది. మంచం కోళ్ళు నేల మీద కీచుమన్నాయి. అత్తయ్య అప్పుడే టీ గ్లాసులతో వచ్చింది. గోడ గట్టిదని ఇంజినీరు చెప్పింది, గాజు చెప్పింది, వానాకాలమంతా గడిచింది. ఆ మాటలన్నీ ఆమె నాలుక చివరిదాకా వచ్చి ఉంటాయి.

గ్లాసులు కింద పెట్టింది. కాళ్ళవైపు వెళ్ళి రెండో పట్టె పట్టుకుని, మంచాన్ని ఇంకొంచెం ఇవతలికి లాగింది.